నాలుగు ముక్కుల మరమ్మతు

చింతలమర్రు సన్నాయి మేళం వాళ్ళకి ఉన్నంత తెలివి చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళలో ఎవరికీ లేదు. ఈ మాట ఎవరో అన్నది కాదు, వాళ్ళే అన్నారు. వాళ్ళే అన్నారంటే నమ్మాల్సిందే. అంత తెలివిగలవాళ్ళకి అబద్ధమాడాల్సిన అవసరం ఏముంది?

మేళం మొత్తం ఒక్క కుటుంబమే. పెద్దాయన తవిటయ్యది సన్నాయి. ఆయన ఊదడం మొదలెడితే చెట్టు మీది కొబ్బరికాయ దానంతటదే దిగొచ్చి, పీచు వలిపించుకుని, పళ్ళెంలో కూర్చునేది. రెండోవాడు నూకరాజుది డోలు. అతను దెబ్బేస్తే ఏటికి అవతల గట్టున ఎండేసిన అప్పడాలు రెండోవైపుకి తిరగబడేవి. అవతలి గట్టు ఆడవాళ్ళు ఎండాకాలం రాగానే నూకరాజుకి కబురు పెట్టేవాళ్ళు, ఫలానా రోజు అప్పడాలు ఒత్తుతున్నాం, మధ్యాహ్నం ఒక్క దెబ్బ వెయ్యి నాయనా అని.

మూడోవాడు గవరయ్యది శ్రుతిపెట్టె. గవరయ్య గొప్పతనం ఏంటంటే, పట్టుకోమంటే పట్టుకుంటాడు, వదలమంటేనే వదులుతాడు. ఒకసారి ఓ పెళ్ళిలో శ్రుతి ఆపమని చెప్పడం అందరూ మర్చిపోయారు. ఇంకేముంది, ఆ పెళ్ళికూతురు కాపురానికెళ్ళి, పురిటికి మళ్ళీ పుట్టింటికొచ్చేదాకా పందిరి గుంజ పక్కన కూర్చుని పట్టాడు. పిల్లాడికి జోలపాట ఆ శ్రుతిలోనే పాడారు.

ఇక తవిటయ్య భార్య భూలోకమ్మ. మేళానికి కారు తోలేది ఆవిడే. కారంటే కొత్తది కాదు, ఓ రిటైరైన కాంపౌండరు దగ్గర కొన్న తెల్లటి పాతబండి. అమ్మేటప్పుడు ఆయన బండి మీద చెయ్యేసి, "ఇది నలుగురు కూర్చునే బండమ్మా" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఉప్పు ప్యాకెట్టుకి వెళ్ళినా నలుగురూ వెళ్ళాల్సిందే. తవిటయ్య క్షవరానికెళ్ళినా నలుగురూ ఎక్కాల్సిందే. ఓసారి గవరయ్య జ్వరమొచ్చి మంచం దిగలేకపోతే, వీధిలో పోతున్న గాజులాయన్ని గంపతో సహా నాలుగో సీట్లో కూర్చోబెట్టుకుని సంతకెళ్ళి, సాయంత్రం తిరిగొచ్చి ఎక్కించుకున్న చోటే దింపారు.

"ముగ్గురితో బయల్దేరేవాళ్ళకి ఏం తెలుసు బండి సంగతి" అనేవాడు తవిటయ్య.

"మూడు చక్రాల మీద నడిపినట్టుంటుంది" అనేది భూలోకమ్మ.

ఇంత తెలివైన ఇంటికి ఓ శుక్రవారం తెల్లవారుజామున పెద్ద ఆపద వచ్చింది.

ఆ రోజు పొద్దున పది గంటల నలభై రెండు నిమిషాలకి, పద్దెనిమిది కిలోమీటర్ల అవతల ఇసకమెరకలో, రొయ్యల చెరువుల పెరుమాళ్ళరాజుగారి చిన్న మనవరాలి పెళ్ళి. ఆ ఇంట్లో మూడు తరాలుగా వీళ్ళ మేళమే మోగుతోంది. కానీ రెండేళ్ళ క్రితం పెద్ద మనవరాలి పెళ్ళిలో చిన్న పొరపాటు జరిగింది. రాజుగారు వీళ్ళని పిలిచి, "పంతులుగారి వేలు మీద కన్నేసి ఉంచండి, వేలు లేవగానే గట్టిమేళం వాయించాలి" అన్నారు. వీళ్ళు పంతులుగారి కుడిచేతి వేలు మీద కన్నేసి ఉంచారు, రెప్ప కూడా వెయ్యలేదు. ఆయన ఎడమచేతి వేలు ఎత్తారు.

తాళి కడుతుంటే చెడుమాట వినపడకుండా, ఎవరి తుమ్మూ చెవిన పడకుండా ఉండాలనే కదా గట్టిమేళం పెట్టింది. ఆ రోజు మేళం మోగలేదు. పందిట్లో చీమ నడిస్తే వినపడేంత నిశ్శబ్దం. సరిగ్గా మూడోముడి దగ్గర పెళ్ళికొడుకు మేనమామ తుమ్మాడు. ఒకటి కాదు, ఏడు.

అందుకని ఈసారి రాజుగారు ముందే కబురుపెట్టి ముగ్గుర్నీ నిలబెట్టి చెప్పారు. "ఒరేయ్ తవిటీ, ఈసారి పంతులుగారి వేలు లేదు, నా వేలు. నా వేలు లేచి ఊగిందంటే మీరు ఎక్కడున్నా, ఏం చేస్తున్నా గట్టిమేళం మోగాలి. నేను దించేదాకా ఆగకూడదు. మోగలేదో, మా గడపే కాదు, మా ఊరి పొలిమేర కూడా తొక్కొద్దు. ఎర్రకోట్ల బ్యాండు వాళ్ళని పెట్టుకుంటా."

"చిత్తమండి. ఎక్కడున్నా, ఏం చేస్తున్నా" అన్నాడు తవిటయ్య.

ఆ మాట నూకరాజు గుండెల్లో మేకులా దిగింది. ఎందుకంటే ఎర్రకోట్ల బ్యాండు యజమాని అప్పటికే ఓసారి టేపు పట్టుకొచ్చి నూకరాజు భుజాలు కొలిచి వెళ్ళాడు. "రాజుగారి ఇల్లు పోయాక మీ మేళం ఎన్నాళ్ళు నిలుస్తుందిలే. నీ సైజు కోటు కుట్టించి ఉంచుతా" అన్నాడు. తాత వాయించిన డోలు అటకెక్కించి, ఎర్రకోటేసుకుని రేకుడప్పు కొట్టడమా! ఆ కోటు తలుచుకుంటే నూకరాజుకి అన్నం సయించేది కాదు. మూడోసారి వడ్డించుకున్నది సగంలో వదిలేసేవాడు.

సరే, ఆ శుక్రవారం తెల్లారగట్ల డోలు, సన్నాయి, శ్రుతిపెట్టె డిక్కీలో సర్దారు. భూలోకమ్మ కారు తలుపు తీసి, ఒక్కడుగు వెనక్కేసింది.

"ఏవండీ, ఏదో వాసనొస్తోంది."

తవిటయ్య తల లోపల పెట్టి పీల్చాడు. "పెట్రోలు."

"కారులో పెట్రోలు వాసనేంటండీ!"

"అదే నాకూ అర్థంకావట్లేదు. పెట్రోలు బంకులో రావాలి గానీ."

నూకరాజు ఆలోచించాడు. ఆ ఇంట్లో ఆలోచించే వంతు ఎక్కువగా అతనిదే. "అన్నయ్యా, చెడ్డ తుమ్ముని ఏం చేస్తాం మనం?"

"గట్టిమేళంతో అణిచేస్తాం."

"చెడ్డ మాటని?"

"గట్టిమేళంతో అణిచేస్తాం."

"మరి చెడ్డ వాసనని?"

తవిటయ్య తమ్ముణ్ణి కావలించుకున్నాడు. అంతే, సర్దినవన్నీ మళ్ళీ దింపారు. ముగ్గురూ కారు చుట్టూ నిలబడి గట్టిమేళం అందుకున్నారు. గవరయ్య కుడిచేత్తో శ్రుతి పట్టాడు. కుడిచేత్తోనే ఎందుకంటే, అతని ఎడమచెయ్యి మంగళవారం నుంచీ పిడికిలి బిగించే ఉంది. పడుకున్నా అంతే, నీళ్ళు పోసుకున్నా అంతే. ఏం పట్టుకున్నావని అడగడం మర్యాద కాదని ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఆ మేళం ఎలా మోగిందంటే, వీధిలో కోళ్ళు తామింక కూయక్కర్లేదని మళ్ళీ పడుకున్నాయి. ఊరంతా లేచింది. ఎదురింటి కామాక్షమ్మగారు ఇక్కడేదో పెళ్ళనుకుని, పట్టుచీర కట్టుకుని అక్షింతలు తెచ్చి కారు మీద వేసి, టిఫిను ఎక్కడ పెడుతున్నారని అడిగింది.

వాసన మాత్రం పోలేదు.

"వాసనకి చెవుల్లేవు" అని తేల్చాడు తవిటయ్య. "మస్తాను బాయ్ దగ్గరికెళ్ళి అడిగి రండి."

మస్తాను బాయ్ ఊరిచివర షెడ్డులో మెకానిక్కు. నూకరాజు, గవరయ్య పరిగెత్తుకెళ్ళేసరికి ఆయన ఓ ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు. రెండు కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. నూకరాజు ఆ కాళ్ళకే నమస్కారం పెట్టాడు.

"బాయ్, మా కారులో పెట్రోలు వాసనొస్తోంది. పది నలభైరెండుకి ముహూర్తం."

"గేరుబాక్సు గుండెల మీద పెట్టుకుని ఉన్నాన్రా, ఇప్పుడు లేవలేను" అంది ట్రాక్టరు కింది గొంతు. "ముందు ఇది చెప్పు. ట్యాంకు మూత ఉందా?"

"ఉంది బాయ్" అన్నాడు గవరయ్య.

"సరిగ్గా చూశావా? గట్టిగా ఉందా?"

"చాలా గట్టిగా ఉంది. మంగళవారం నుంచి కదల్లేదు."

"అయితే మూత కాదు. ఎక్కడో పైపు చిట్లి ఉంటుంది. జాగ్రత్తగా వినండి. అగ్గిపుల్ల గీయొద్దు. ముక్కు పెట్టి అంతా చూసుకుంటూ రండి. ఎక్కడ వాసన బాగా ఎక్కువగా ఉందో అక్కడ సుద్దముక్కతో గుర్తుపెట్టండి. అక్కడ సైకిలు ట్యూబు ముక్క నాలుగు చుట్లు బిగించి కట్టండి. ఒకచోట కడితే ఇంకోచోట కారొచ్చు, అక్కడా కట్టండి. వాసన పూర్తిగా పోతేనే బండి కదపండి. కట్టినవి నేను చెప్పేదాకా విప్పొద్దు. తర్వాత నేనొచ్చి పైపు మారుస్తా."

నూకరాజు దారంతా ఆ మాటలు డోలు ముక్తాయింపులా వల్లెవేసుకుంటూ వచ్చాడు. ఒక్క ముక్క పోనివ్వలేదు. ఇంటికి రాగానే తన సైకిలు ట్యూబు కోసి ముక్కలు చేశాడు. తర్వాత సుద్దముక్క చేత పుచ్చుకుని, ముక్కు ముందుపెట్టి బయల్దేరాడు.

బానెట్టు దగ్గర పీల్చాడు. కొంచెం వాసన. తలుపు దగ్గర పీల్చాడు. ఇంకొంచెం. బండి వెనక పక్కకొచ్చేసరికి పెట్రోలు పోసే బెజ్జం కనపడింది. బెజ్జం బెజ్జంలాగే ఉంది, గుండ్రంగా, ఖాళీగా. వంకపెట్టడానికేం లేదు. నూకరాజు అందులో ముక్కు దూర్చి, దానితోబాటు మీసం కూడా దూర్చి, గట్టిగా పీల్చాడు. కళ్ళు తిరిగాయి. మీసం తడిసింది.

"ఇక్కడ చాలా ఎక్కువగా ఉంది!"

"గుర్తుపెట్టెయ్!" అంది భూలోకమ్మ.

వేరేవాడైతే అక్కడే గుర్తుపెట్టేసేవాడు. నూకరాజు అలాంటివాడు కాదు. అంతా చూడమన్నాడు కదా మస్తాను! మళ్ళీ బానెట్టు దగ్గరికెళ్ళి పీల్చాడు. ఇప్పుడు అక్కడా అంతే ఎక్కువగా ఉంది. డిక్కీ దగ్గర అంతే. పెరట్లో జామచెట్టు దగ్గర అంతే. నూతి గట్టు దగ్గర అంతే. ఎదురింటికెళ్ళి కామాక్షమ్మగారి ఇడ్లీపాత్ర మూత తీసి పీల్చాడు, అందులోనూ పెట్రోలే. ఆవిడ పట్టుచీర కొంగులో పెట్రోలు. వీధిలో పడుకున్న గేదె దగ్గర పెట్రోలు.

వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"అన్నయ్యా, ఒక సంగతి తేలింది. ఎక్కడికెళ్ళినా వాసన అంతే ఉంది. కారు నాతో రాలేదు. జామచెట్టు నాతో రాలేదు. అన్నిచోట్లకీ నాతో వచ్చింది ఒక్కటే."

"ఏంట్రా అది?"

"నా ముక్కు. కారుతున్నది ఇదే."

 అంత లోతైన మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అనలేదు. తవిటయ్య లేచి సుద్దముక్క తీసుకుని తమ్ముడి ముక్కు మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత పెట్టాడు. భూలోకమ్మ ట్యూబు ముక్క తీసి, ముక్కు మీదుగా చెవుల వెనకనుంచి నాలుగు చుట్లు బిగించి ముడేసింది.

"ఇప్పుడు చూడు మరిదీ."

నూకరాజు పీల్చాడు. గాలి రాలేదు. వాసన కూడా రాలేదు. "పోయిద్ది వదిదా! పూర్తిగా పోయిద్ది!" అన్నాడు. ముక్కు మూసుకుపోతే మాట అలాగే వస్తుంది.

"కానీ నాకు ఇంకా వస్తోందే" అన్నాడు తవిటయ్య.

"బస్తాదు చెప్పాడుగా అద్దయ్యా! ఒకచోట కడితే ఇంకోచోట కారుతుందద్దాడు!"

నిజమే కదా. నూకరాజు ముక్కు బిగించేసరికి అది తవిటయ్య ముక్కులోంచి కారడం మొదలెట్టింది. ఇంకేముంది, తవిటయ్య ముక్కుకీ నాలుగు చుట్లు. అప్పుడది భూలోకమ్మ ముక్కులోకి పోయింది. ముక్కుపుడక అడ్డమొచ్చినా వదల్లేదు, దానిమీదనుంచే ఐదు చుట్లు. చివరికి గవరయ్య ముక్కులో దొరికింది. అక్కడా బిగించేశారు. అప్పుడు నలుగురూ కారులో కూర్చుని, అద్దాలెత్తి, ఒకేసారి పీల్చారు.

వాసన లేదు. ఆనవాలు కూడా లేదు.

"దాలుగు బుక్కుల బరబ్బతు! పట్టణంలో అయితే దీనికి వారం రోజులు చేసేవాళ్ళు!" అన్నాడు తవిటయ్య. ఆ రెండో మాటా ముక్కు మూసుకునే అన్నాడు గానీ, ఇకనుంచి వాళ్ళ మాటలు ముక్కులు తెరిచి రాసుకుందాం, లేకపోతే మనకి ఊపిరాడదు.

అంతే, బయల్దేరారు. దారిలో రైలుగేటు పడింది. గేటుమాన్ కారు దగ్గరికొచ్చి ముఖం చిట్లించాడు.

"ఏమండోయ్, పెట్రోలు వాసన గుప్పుమంటోంది, చూసుకోండి!"

"మాకెవరికీ రావట్లేదే" అంది భూలోకమ్మ. "నలుగురం చూశాం. మీ ఒక్కరికే వస్తోందంటే కారుతున్నది మీ ముక్కు."

గేటుమాన్ నోరు తెరిచాడు. అతను నోరు మూసేలోపే నూకరాజు దిగి ఒక ట్యూబు ముక్క చుట్టేసి ముడేశాడు. రైలు వెళ్ళేలోపు వెనక నిలబడ్డ ఇద్దరు సైకిళ్ళవాళ్ళకి, ఒక పాలాయనకి కూడా మరమ్మతు చేశాడు. ఊరికే చేశాడు. మేళం వాళ్ళు మరమ్మతుకి డబ్బులు పుచ్చుకోరు.

ఇసకమెరక చేరేసరికి పదీ పాతిక. కారు పందిరి పక్కనే ఆపి, వాయిద్యాలు దింపి, వేదికకి ఎడమవైపు చాపమీద కూర్చున్నారు. రాజుగారు వచ్చి వీళ్ళ ముఖాలు చూసి ఆగిపోయారు.

"ఏంట్రా ఆ ముక్కులు?"

"రిపేరు చేయించామండి" అన్నాడు తవిటయ్య.

రాజుగారికి అంతకంటే వినే తీరిక లేదు. పందిరి గేటు వైపు చేయి చూపించారు. అక్కడ ఎర్రకోట్ల బ్యాండు వ్యాను సిద్ధంగా ఉంది. దాని పక్కన యజమాని భుజం మీద ఒక ఎర్రకోటు మడతపెట్టి ఉంది. కొత్తది, ఎవరూ వేసుకోనిది. ఆ కోటు భుజాల కొలత నూకరాజుకి ఇక్కణ్ణుంచే తెలిసిపోయింది. 

పది నలభై ఒకటి. పంతులుగారు మంత్రం పెంచారు. పెళ్ళికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు. ముందు వరసలో ఆ ఏడు తుమ్ముల మేనమామ లాంటివాడే ఒకాయన, ముక్కు రుద్దుకుంటూ కనిపించాడు.

నూకరాజు రాజుగారి రెండు చేతులూ ఒకేసారి చూస్తున్నాడు. ఒక కన్ను కుడిచేతి మీద, ఒక కన్ను ఎడమచేతి మీద. ఈసారి మోసపోవడం ఉండదు.

పది నలభై రెండు. వేలు లేచింది. ఊగింది.

తవిటయ్య సన్నాయి నోట పెట్టుకుని ఊదాడు. ఒక్క ఊపిరి మోగింది. అంతే, ఆగిపోయింది.

సన్నాయి సంగతి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నోటితో ఊదుతూనే ముక్కుతో గాలి లాక్కోవాలి. ముక్కేమో నాలుగు చుట్ల మరమ్మతులో ఉంది. తవిటయ్య బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు ఉబ్బాయి, ముఖం వంకాయ రంగుకి తిరిగింది.

"ఏవండీ, కట్టు విప్పనా?" అని గుసగుసలాడింది వెనకనుంచి భూలోకమ్మ.

తవిటయ్య తల అడ్డంగా ఊపాడు. మస్తాను చెప్పేదాకా విప్పకూడదు. మస్తాను పద్దెనిమిది కిలోమీటర్ల అవతల ట్రాక్టరు కింద ఉన్నాడు.

రాజుగారి వేలు ఊగుతోంది. ఆయన కళ్ళు ఎర్రబడుతున్నాయి. బ్యాండు యజమాని భుజం మీది కోటు మడత విప్పాడు. ముందు వరసాయన నోరు తెరిచి, కళ్ళు మూసి, తల వెనక్కి వాల్చాడు.

అప్పుడు వేశాడు నూకరాజు దెబ్బ.

దాన్ని దెబ్బ అనకూడదు. ఆ దెబ్బకి రొయ్యల చెరువులో రొయ్యలు మూరెడు ఎత్తు ఎగిరి, చుట్టూ చూసి, మళ్ళీ నీళ్ళలో పడ్డాయి. వంటశాలలో గుండిగల మూతలు లేచి ఒకదాని మూత ఒకదాని మీద పడ్డాయి, సాంబారు మూత పాయసం మీద, పాయసం మూత పులిహోర మీద. ముందు వరసాయన తుమ్ము వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది, మళ్ళీ ఆయన జన్మలో తుమ్మలేదు. ఇంకో దెబ్బ. పందిరి మీది కొబ్బరాకులు లేచి నిలబడ్డాయి. మూడో దెబ్బకి తవిటయ్య ముక్కు మీది ట్యూబు ఫట్ మని తెగింది.

గమనించండి, తెగింది. ఎవరూ విప్పలేదు. మస్తాను మాట దాటలేదు.

తవిటయ్య రెండు గంటల తర్వాత మొదటిసారి ముక్కుతో గాలి పీల్చాడు. ఆ పీల్పుకి పళ్ళెంలో అక్షింతలు ఆయనవైపు జరిగాయి, పంతులుగారి కండువా చెంగు ఆయనవైపు సాగింది, హోమం పొగ వంపు తిరిగింది. ఆ గాలంతా సన్నాయిలోకి వదిలాడు. ఆ నాదం గురించి చెప్పాలంటే ఇంకో పూట కావాలి. మూడుముళ్ళూ పడ్డాయి. రాజుగారి వేలు దిగింది. మేళం ఆగింది.

రాజుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తవిటీ, నిలబెట్టావురా. ఇంక ఈ ఇంట్లో ఏ శుభం జరిగినా మీ మేళమే. రాసిపెట్టుకో." ముగ్గురికీ పట్టుపంచెలు, భూలోకమ్మకి చీర పెట్టించారు. బ్యాండు యజమాని కోటు మళ్ళీ మడతపెట్టుకున్నాడు. నూకరాజు కట్టుముక్కుతోనే నాలుగుసార్లు వడ్డించుకుని, నాలుగోసారిది కూడా వదల్లేదు.

కథ ఇక్కడ ఆగి ఉంటే అందరూ సుఖంగా ఉండేవాళ్ళు. కానీ తవిటయ్యకి ముక్కు తెరుచుకుంది కదా!

"మళ్ళీ వాసనొస్తోంది" అన్నాడు విస్తరి ముందునుంచి లేస్తూనే.

అదే సమయానికి మస్తాను బాయ్ మోటారు సైకిలు మీద దిగాడు. దారిలో రైలుగేటు దగ్గర, ముక్కులకి సైకిలు ట్యూబులు కట్టుకుని నిలబడ్డ నలుగురు మనుషులు కనపడ్డారట. చూడగానే బండి వేగం పెంచాడట. వచ్చి మొదటి మాటగా "విప్పండ్రా ముందు!" అన్నాడు. మస్తానే చెప్పాడు కాబట్టి విప్పేశారు. మస్తాను కారు చుట్టూ ఒక్కసారి తిరిగి, వెనక పక్క ఆగాడు.

"మూతేది?"

నలుగురూ ఆ బెజ్జం వైపు చూశారు. గుండ్రంగా, ఖాళీగా ఉంది.

"ఒరేయ్ గవరయ్యా, పొద్దున మూత ఉందన్నావు కదరా!"

"ఉంది బాయ్."

"ఎక్కడ?"

గవరయ్య ఎడమచేతి పిడికిలి తెరిచాడు. మంగళవారం నుంచి మూసి ఉన్న వేళ్ళు ఒక్కొక్కటే కిర్రుమంటూ విచ్చుకున్నాయి. అరచేతిలో ట్యాంకు మూత, దాని గుండ్రటి ముద్ర.

"ఎందుకు పట్టుకున్నావు?"

"బంకులో పెట్రోలు పోసేవాడు ఇది తీసి నా చేతికిచ్చి, పట్టుకో అన్నాడు."

"పోశాక?"

"పోశాక వదలమనలేదు. భూలోకమ్మ వదిన బండి తోలేసింది."

మస్తాను మంచివాడు, చెయ్యి చేసుకోలేదు. "ఇటు రా. ఆ మూత ఇక్కడ పెట్టు. తిప్పు. గట్టిగా బిగించు. ఆఁ, అలాగే పట్టుకో, నేను కింద ఓసారి చూస్తాను" అని కారు కిందకి దూరి, పైపంతా తడిమి, పొడిగా ఉందని తేల్చుకుని లేచాడు. "అయిపోయింది. మీకే జబ్బూ లేదు, బండికే జబ్బూ లేదు" అన్నాడు. ఇంతలో ఎవరో బాయ్, బంతి లేస్తోంది, రండి రండి అని చెయ్యి పట్టుకుని భోజనానికి లాక్కెళ్ళారు.

వదలమని చెప్పలేదు.

ఇక ఇంటికి బయల్దేరాలి. భూలోకమ్మ స్టీరింగు దగ్గర కూర్చుంది. తవిటయ్య పక్కన, నూకరాజు వెనక. ఈసారి వాయిద్యాలు డిక్కీలో పెట్టలేదు, రాజుగారి మెప్పు పొందిన వాయిద్యాలు కదా, ఒళ్ళోనే పెట్టుకున్నారు. గవరయ్య బయట నిలబడి, ట్యాంకు మూత మీద చెయ్యేసి పట్టుకుని ఉన్నాడు.

"నువ్వు రావా?" అన్నాడు నూకరాజు.

"పట్టుకున్నాను కదా. మీరు పోనివ్వండి, పక్కనే పరిగెత్తుతాను."

అది సబబుగానే ఉంది. కానీ నాలుగో సీటు ఖాళీ. నలుగురు కూర్చునే బండి! తవిటయ్య కిటికీలోంచి అటూ ఇటూ చూశాడు. గాజులాయన ఎవరూ కనపడలేదు. కొళాయి దగ్గర పెళ్ళికొడుకు చెయ్యి కడుక్కుంటున్నాడు, నుదుట బాసికంతో.

"బాబూ, కాస్త ఇలా వచ్చి ఈ సీట్లో కూర్చుంటారా?" అన్నాడు నూకరాజు.

ఆ అబ్బాయికి వాళ్ళమ్మ ఆ పొద్దునే చెప్పి పంపింది, అత్తారింట్లో ఎవరేమడిగినా కాదనకు నాయనా అని. చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. తలుపు కూడా తనే వేసుకున్నాడు. మంచి వంశం.

అంతే, భూలోకమ్మ బండి తోలేసింది.

ఊరు దాటి కాలవగట్టు ఎక్కారు. బండి హాయిగా పోతోంది. వాసన లేదు. గవరయ్య పక్కన పరిగెత్తుతున్నాడు, చెయ్యి మూత మీదే ఉంది. పెళ్ళికొడుకు కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తూ, "మనం ఎక్కడికండీ?" అని మర్యాదగా అడిగాడు. "మా ఇంటికండి" అన్నాడు నూకరాజు. "ఓహో" అన్నాడు.

అప్పుడు వెనకనుంచి హారను మోత వినపడింది. నూకరాజు తిరిగి చూశాడు. ఎర్రకోట్ల బ్యాండు వ్యాను దుమ్ము లేపుకుంటూ వస్తోంది. అందులో ముందు సీట్లో పెరుమాళ్ళరాజుగారు. ఆయన కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, ఏదో అరుస్తున్నారు. గాలికి మాట అందట్లేదు. చెయ్యి మాత్రం కనిపిస్తోంది.

నూకరాజు అన్నయ్య భుజం పట్టి కుదిపాడు.

"అన్నయ్యా! వేలు!"

"నిజంగానా?"

"లేచింది అన్నయ్యా! ఊగుతోంది!"

తవిటయ్య ఇంకేమీ అడగలేదు. ఎక్కడున్నా, ఏం చేస్తున్నా అన్నారు కదా ఆయన! సన్నాయి నోట పెట్టుకున్నాడు. నూకరాజు ఒళ్ళో డోలు సర్దుకున్నాడు. శ్రుతిపెట్టెని పెళ్ళికొడుకు ఒళ్ళో పెట్టి పట్టుకోమన్నారు, అతను పట్టుకున్నాడు. గవరయ్య పరిగెత్తుతూనే నోటితో అదే శ్రుతి అందుకున్నాడు, రవ్వంత కూడా తప్పలేదు.

గట్టిమేళం మోగింది. కాలవలో బాతులు వరసలు కట్టాయి. అవతలి గట్టున అప్పడాలు తిరగబడ్డాయి. వెనక రాజుగారి ముఖం కందగడ్డలా అయ్యింది. రెండో చేతి వేలు కూడా లేచింది.

"రెండు వేళ్ళన్నయ్యా!" అన్నాడు నూకరాజు ఆనందం పట్టలేక. "ఎంత నచ్చితే రెండు వేళ్ళెత్తుతారు!"

ఇంకేముంది, ఆయన ఎంత గట్టిగా ఊపితే వీళ్ళు అంత గట్టిగా వాయించారు. చింతలమర్రు దాకా పద్దెనిమిది కిలోమీటర్లూ రాజుగారు వేళ్ళు దించలేదు, వీళ్ళు మేళం ఆపలేదు.